నూనె నిద్ర

మా ఇంట్లో తలకు నూనె పెట్టించుకుని నిద్రపోయిన మనిషిని ఎవరూ లేపరు. ఇల్లు అంటుకుంటే మంచంతో సహా మోసుకుపోతారు తప్ప లేపరని మా బావ ఎగతాళి చేసేవాడు. ఆయన దర్జీ. కొలతలు తీసుకున్నంత తీరిగ్గా మనుషుల్ని ఏడిపించేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున మా అక్క చేత నూనె పెట్టించుకుని పడుకున్నాడట. లేచేసరికి వాకిట్లో జనం. అందులో ఒక పెళ్ళికొడుకు కూడా ఉన్నాడట, కోటుకు గుండీలు కుట్టించుకోవడానికి వచ్చి. అక్క అందరినీ కూర్చోబెట్టి, "ఆయన లేచేదాకా ఉంటే ఉండండి, లేకపోతే రేపు రండి," అని తలుపు దగ్గరగా వేసేసిందట. ఆ పెళ్ళికొడుకు గుండీలు లేని కోటుతోనే పెళ్ళి చేసుకున్నాడని బావ చెప్పేవాడు. బావ చెప్పేవాటిలో సగం ఆయన కుట్టినవే కాబట్టి, ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు.

ఈ పద్ధతి మా అమ్మమ్మ నుంచి వచ్చింది. మా ఊరి కొండవాలులో, వేడినీటి ఊటల పక్కన, మెత్తటి ఆకుల మొక్క ఒకటి పెరుగుతుంది. మేం దాన్ని మెత్తాకు అంటాం. పుస్తకాల్లో దానికి పొడుగాటి పేరేదో ఉందని ఒక డాక్టరు గారు చెప్పారు గాని నాకు నోరు తిరగలేదు. ఆ ఆకును నీడలో వాడ్చి, నువ్వుల నూనెలో వేసి, సన్నటి మంట మీద చిటపటలు ఆగేదాకా కాస్తారు. దాన్ని గోరువెచ్చగా మాడుకూ అరికాళ్ళకూ పట్టించి మనిషిని పడుకోబెడతారు. తలనొప్పికీ అదే, దిగులుకూ అదే, పట్టరాని కోపానికీ అదే. మందు నూనె కాదనీ, దాని వెనక వచ్చే నిద్రే మందనీ అమ్మమ్మ అనేది. అందుకే ఆ నిద్రను మధ్యలో తుంచకూడదు. పడుకున్న మనిషి తనంతట తాను కళ్ళు తెరిచేదాకా, నూనె పెట్టిన మనిషి పక్కనే మెలకువగా కూర్చోవాలి. నాకు మొదటి సగం బాగా నచ్చేది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టాలనుకున్న రోజు తలనొప్పి అని అక్క దగ్గరకు వెళ్ళి తల వంచి కూర్చునేవాణ్ణి. రెండో సగం ఎప్పుడూ అక్కదే.

బావకు గుండె జబ్బు చేసింది. పడుకుంటే ఊపిరి అందక, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునే గడిపేవాడు. అక్క అరికాళ్ళకు నూనె పట్టిస్తే కాసేపు కన్ను అంటుకునేది. ఆ కాసేపూ అక్క మంచం పక్కనే ఉండేది. మళ్ళీ లేస్తే మళ్ళీ నూనె, మళ్ళీ కాపలా. ఆ చలికాలమంతా ఆమె సరిగ్గా కునికింది లేదు. చలి తగ్గుముఖం పట్టిన ఒక మధ్యాహ్నం మాత్రం, ఆయన అరికాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే తూలి, మంచం పట్టె మీద తల ఆన్చి నిద్రపోయింది. లేచేసరికి చేతి కింద కాలు చల్లగా ఉంది.

ఎవరు మెలకువగా ఉన్నా ఆ ప్రాణం ఆగేది కాదని వైద్యం చేసినాయనే చెప్పాడు. అక్క అందరి మాటలకూ తల ఊపింది. ఆ తర్వాత ఆమెకు నిద్ర దూరమైంది. తెల్లవారుజామున కాస్త మాగన్నుగా పడుతుందేమో, అంతే. "కళ్ళు మూస్తే అరచెయ్యి చల్లబడుతుందిరా," అని నాతో ఒక్కసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మనిషి చూస్తుండగానే చిక్కిపోయింది. రోడ్డు దాటుతూ మధ్యలో ఆగిపోయేది. పొయ్యి మీద గిన్నె పెట్టి, దాన్ని చూస్తూ నిలబడిపోయేది. నాకు నిజంగానే భయం వేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె ఒక్క పూట ఒళ్ళెరగకుండా నిద్రపోతే చాలని నేను అనుకోని రోజు లేదు. డబ్బో దస్కమో కోరుకున్నా ఇంత గట్టిగా కోరుకుని ఉండను.

మేం చెయ్యని ప్రయత్నం లేదు. మా ఆవిడ, "వదినా, మా ఇంట్లో పడుకోండి, మనుషుల అలికిడి ఉంటే అదే పడుతుంది," అని తీసుకొచ్చింది. పొద్దున్నే లేచి చూస్తే నా చొక్కాలన్నింటికీ ఊడిన గుండీలు కుట్టి, మడతపెట్టి, రంగుల వారీగా పేర్చి ఉన్నాయి. అక్క వాటి పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఇంకోసారి నేనే ఆమె తలకు నూనె పెట్టబోయాను.

"గోడకి సున్నం వేస్తున్నావా ఏంటి, మెల్లగా," అంది.

మెల్లగా పెట్టాను.

"మరీ అంత మెల్లగా అయితే చక్కిలిగిలి పెడుతోందిరా. వేళ్ళు ఇలా పెట్టు."

చివరికి నా తల ఆమె ఒళ్ళో ఉంది, నూనె నా మాడుకు ఇంకుతోంది, నిద్రపోయింది నేను. లేచాక మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మా ఊరి గురించి ఒక మాట చెప్పాలి. నేలలోంచి వేడినీళ్ళు ఊరుతుంటాయి కాబట్టి పొద్దున పూట వీధుల్లో ఆవిరి తేలుతుంది. పాలవాడి సైకిలు గంట ముందు వినపడుతుంది, సైకిలు తర్వాత కనపడుతుంది. ఎదురింటావిడ పలకరిస్తే గొంతును బట్టి జవాబు చెబుతాం. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బస్సు దిగగానే ఆవులించడం మొదలుపెడతారు. ఆ ఆవులింతలను నమ్ముకునే కొందరు ఊటల పక్కన పాతబడిన సబ్బుల ఫ్యాక్టరీని కొని, గోడలకు తెల్లరంగు వేసి, ఆరోగ్య విహారం అని బోర్డు పెట్టారు. వాన పడితే ఆ గోడలు ఇప్పటికీ సబ్బు వాసన వేస్తాయి. అలసిపోయిన మనుషులు రైళ్ళలో వచ్చి, కొన్నాళ్ళు ఉండి, ఆవిరి పట్టించుకుని, మట్టి పూయించుకుని, ఊటల్లో మునిగి వెళ్తుంటారు. వాళ్ళను స్టేషన్ నుంచి తెచ్చేదీ, మళ్ళీ దింపేదీ నా వ్యానే.

అక్కను అక్కడ పనిలో పెట్టించింది నేనే. కొండాకులతో చేసే పాత వైద్యాలు తెలిసినవాళ్ళు కావాలని మేనేజరు గారు అడిగినప్పుడు, ఇంట్లో గిన్నె వంక చూస్తూ నిలబడే బదులు అక్కడ నూనె గిన్నె వంక చూస్తూ నిలబడుతుంది కదా అనుకున్నాను. అక్క కూడా వెంటనే ఒప్పుకుంది. మెలకువగా కూర్చుంటే జీతం ఇచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది అని నవ్వింది. ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. చేరిన కొన్నాళ్ళకే అక్కడందరికీ ఆమె నూనెక్క అయిపోయింది.

మేనేజరు గారు అంతకు ముందు పెద్ద హోటళ్ళలో చేసి వచ్చారు. ఆవిడ నవ్వుతూనే మాట్లాడతారు, గడియారం చూస్తూనే నవ్వుతారు. విహారంలో ప్రతి చికిత్సకూ ఒక వేళ ఉండేది. వేళ అయిపోగానే వరండాలో చిన్న గంట మోగేది. ఆవిరి గదిలోంచి మట్టి గదికీ, మట్టి గదిలోంచి నూనె గదికీ పెద్దపెద్ద ఉద్యోగస్తులు బడిపిల్లల్లా గదులు మారేవారు. అక్క చేరిన మొదటి రోజు ఒక బొద్దుపాటి కాంట్రాక్టరు నూనె పెట్టించుకుని, రెండు మాటలు మాట్లాడి, మూడో మాట మధ్యలో గుర్రు పెట్టాడు. వేళయింది. గంట మోగింది. అక్క బయటికి వచ్చి, గంట నాలుక్కి గుడ్డపీలిక చుట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చుంది.

ఆయన లేచేసరికి ఎండ గోడ దిగిపోయింది. బయటికి వచ్చి, "నాకోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదా," అని అడిగాడు. చెయ్యలేదని చెప్తే కాసేపు మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళి ఉన్నదంతా తిన్నాడు.

అక్కడి నుంచి నాకు తలప్రాణం తోకకు వచ్చింది. పొద్దున నూనె పెట్టించుకున్నవాళ్ళు సాయంత్రం రైలు అందుకోవాలి. నేను వ్యాను తిప్పి పెట్టుకుని గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను. లోపలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ఒకరోజు ఇక ఆగలేక పైకి వెళ్ళాను. మంచం మీద ఒక బ్యాంకు ఆఫీసరు గారు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, ఆయన్ని లేపు. రైలు వెళ్ళిపోతుంది."

"రైలు రేపు కూడా వస్తుందిగా."

"రేపు ఆయనకి ఆఫీసు ఉందక్కా."

"అందుకేరా పాపం, ఇన్నాళ్ళూ నిద్రపోలేదు."

ఆఫీసరు గారికి రైలు తప్పిపోయింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అన్నది నేను. ఒంటికాలి మీద లేచి, నీ మొండితనం వల్ల నా ఉద్యోగం కూడా ఊడుతుందని కేకలేశాను. అక్క నూనె చేతులు తుడుచుకుంటూ అంతా విని, "అరవకు, అవతలి గదిలో ఇంకొకాయన పడుకున్నాడు," అంది.

విషయం మేనేజరు గారి గదిదాకా వెళ్ళింది. విహారం డాక్టరు గారిని పిలిచారు, నన్ను కూడా పిలిచారు.

"అక్కా, మీ పద్ధతి నాకు ఇష్టమే," అన్నారు మేనేజరు గారు. "కానీ తర్వాతి వాళ్ళు తువ్వాళ్ళు కట్టుకుని వరండాలో నిలబడుతున్నారు. ఆరోగ్యం కోసం వచ్చినవాళ్ళు జలుబు చేసి వెళ్తున్నారు."

"అయితే నూనె కాచి ఇస్తానమ్మా. పెట్టడం ఇంకెవరిచేతైనా పెట్టించుకోండి. గంట కొట్టి లేపే చోట నేను పెట్టలేను."

మేనేజరు గారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. దారి చెప్పింది డాక్టరు గారు. ఆయన చిన్న వయసువాడే గాని మాట తొందర లేని మనిషి. నిద్ర చెడకుండా లేచినవాళ్ళకు మర్నాడు రక్తపోటు కాస్త నెమ్మదిగా ఉంటోందని తాను గమనించానన్నారు. "అది నూనె వల్లో, ఊరికే నిద్రపోవడం వల్లో నేను చెప్పలేను. కానీ మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకే చికిత్సలూ పెట్టకుండా నూనె ఒక్కటే ఉంచితే, ఎవరూ ఎవరికోసం నిలబడక్కర్లేదు కదా," అన్నారు. ఆయన షరతులు ఆయనకున్నాయి. ముందు రోజు ముంజేతి మీద ఒక చుక్క రాసి చర్మానికి పడుతుందో లేదో చూడాలి. జ్వరం ఉన్నవాళ్ళకు పెట్టకూడదు. నిద్రమాత్రలు వాడేవాళ్ళు ముందు ఆయన్ని కలవాలి. అక్క అన్నింటికీ సరేనంది. జ్వరం మీద నూనె పెట్టకూడదని అమ్మమ్మ కూడా అనేదంది. సందు దొరికింది కదా అని నేను కూడా ఒక షరతు కలిపాను. ఊరు వెళ్ళే రోజు ఎవరికీ నూనె వద్దు.

మేనేజరు గారు గట్టివారు. కొత్తగా అచ్చువేసిన కాగితాల మీద, ఊటల బొమ్మ కింద, ఒకే ఒక్క వాక్యం వేయించారు. మా దగ్గర మిమ్మల్ని ఎవరూ నిద్రలేపరు. ఆ ఒక్క ముక్క చూసి వచ్చినవాళ్ళను నా వ్యానులో ఎంతమందినో తెచ్చాను.

అప్పటి నుంచి విహారంలో మధ్యాహ్నాలకు వేరే రంగు వచ్చింది. భోజనాలు కాగానే వంటావిడ చెప్పులు విప్పేసేది. తోటమాలి గొట్టం నీళ్ళు చప్పుడు కాకుండా మొక్క మొదట్లో పెట్టి వదిలేసేవాడు. కిటికీలకు కట్టిన పల్చటి తెరలు ఊటల ఆవిరికి తడిసి బరువుగా కదిలేవి. వెచ్చటి నూనె వాసన మెట్ల మీదుగా దిగి వచ్చి, గేటు దగ్గర వ్యానులో కూర్చున్న నన్ను కూడా పట్టుకునేది. కళ్ళు మూతలు పడుతుంటే, భవనం మొత్తం మెల్లగా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు అనిపించేది. ఏ గది ఎక్కడ మొదలవుతుందో, ఎవరి కల ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. అప్పుడప్పుడు పైకి వెళ్ళి చూసేవాణ్ణి. అందరూ ఆ నిద్రలో మునిగి ఉంటే, అక్క ఒక్కతే స్టూలు మీద ఒడ్డున కూర్చున్నట్టు కూర్చుని ఉండేది. ఎవరిదో దుప్పటి అంచు మీద ఆమె చెయ్యి ఉండేది. కళ్ళు తెరిచే ఉండేవి. నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చేది.

డాక్టరు గారు ఒకసారి ఆమెకు మాత్ర ఇచ్చి చూశారు. "కళ్ళు మూతపడ్డాయి గాని నిద్ర పట్టలేదు బాబూ, బయట గడియ పెట్టినట్టు ఉంది," అంది. ఆయన ఇక బలవంతం చెయ్యలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక నర్సమ్మ వచ్చారు. పెద్దాసుపత్రిలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సర్వీసంతా రాత్రి డ్యూటీలేనట. చిన్న మనిషి, నిటారుగా కూర్చుంటారు. నా వ్యాను ఎక్కినవాళ్ళు మొదటి మలుపు తిరిగేసరికి జోగుతారు. ఈవిడ మాత్రం అద్దంలో నా కళ్ళనే చూస్తూ కూర్చున్నారు.

"బాబూ, నువ్వు నిన్న సరిగ్గా పడుకోలేదు కదూ. పక్కకి ఆపి మొహం కడుక్కో."

ఆపి, కడుక్కున్నాను. ఆవిడ చెప్పిన తీరులో కాదనే వీలు లేదు. మళ్ళీ బయల్దేరాక ఆవిడ సంగతి అడిగాను.

"నాకు రాత్రయితే మెలకువ వచ్చేస్తుంది. లేచి రౌండ్లకి తిరుగుతున్నాను. ఇంట్లో పేషెంట్లు ఎవరున్నారు? మా ఆయన్నే లేపి, బాగున్నారా, ఊపిరాడుతోందా అని అడుగుతున్నాను. ఆయనే డబ్బు కట్టి నన్నిక్కడికి పంపించారు. నా నిద్ర కోసం అంటున్నారు గాని, ఆయన నిద్ర కోసమే."

పాపం, ఆవిడ వచ్చిన రోజే వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నారు. జ్వరం తగ్గేదాకా నూనె వద్దన్నారు డాక్టరు గారు. తగ్గేసరికి ఊరు వెళ్ళే రోజు వచ్చేసింది. నా షరతు ప్రకారం ఆ రోజు నూనె కుదరదు. కానీ అంత దూరం నుంచి వచ్చి, ఆ నూనె కోసమే వచ్చి, ఉత్తి తలతో వెళ్తారా అని అక్క నా వెంట పడింది. డాక్టరు గారు కూడా సరేనన్నారు. రైలు సాయంత్రం. భోజనం కాస్త ముందు పెట్టించి, ఎండపొద్దు ఉండగానే నూనె పెట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఈసారి నిద్ర లేవకపోతే మాత్రం మంచంతో సహా వ్యానెక్కిస్తానని అక్కకు చెప్పాను.

లోపల ఏం జరిగిందో కొంత నర్సమ్మ చెప్పారు, కొంత తర్వాత అక్క చెప్పింది.

నూనె ఆవిడకు హాయిగానే ఉందట. కళ్ళు మూసుకున్నారట. నిద్ర వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది గాని లోపలికి రాలేదట. కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ కళ్ళను ఆవిడ ఆసుపత్రిలో చాలాసార్లు చూశారట. ఒక డ్యూటీ అయ్యాక ఇంటికి పోకుండా, వరసగా రెండోదీ మూడోదీ చేసేవాళ్ళ కళ్ళు.

"ఎప్పటి నుంచి డ్యూటీలో ఉన్నావమ్మా," అని అడిగారట.

అక్క మొదట నవ్వేసింది. ఆవిడ నవ్వలేదు. ఊరికే చూస్తూ పడుకున్నారు. ఎవరికీ చెప్పని అక్క, మా ఆవిడకు గాని నాకు గాని ముక్కలు ముక్కలుగా తప్ప చెప్పని అక్క, ఆ దుప్పటి అంచు పట్టుకుని బావ చివరి మధ్యాహ్నం గురించి మొత్తం చెప్పింది. మంచం పట్టె మీద తల ఆన్చడం, లేవడం, చేతి కింద కాలు, అన్నీ.

నర్సమ్మ ఓదార్పు మాటలేం చెప్పలేదట. అంతా విని ఒక్కటే అడిగారట. "నీ తర్వాత ఆయన దగ్గర డ్యూటీ ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. నాదే."

"అయితే నీకు ఎవరూ డ్యూటీ దింపలేదు." ఆవిడ లేచి కూర్చున్నారు. "మా వార్డులో ఒక పద్ధతి ఉంది. తర్వాతి మనిషి వచ్చి, మంచం పక్కన నిలబడి, నేను చూసుకుంటా నువ్వు వెళ్ళు అని నోటితో అనాలి. అనేదాకా మేం కదలం. ఎప్పుడైనా అనిపించుకోకుండా ఇంటికి వెళ్ళిపోయామా, ఆ రోజు కన్ను మూతపడదు. ఒళ్ళు ఇంట్లో ఉంటుంది గాని డ్యూటీ నడుస్తూనే ఉంటుంది."

చెప్పి మంచం దిగి, నూనె పాదాలను తువ్వాలు మీద పెట్టి, స్టూలు పక్కన నిటారుగా నిలబడ్డారట.

"నేను చూసుకుంటా. నువ్వు పడుకో."

అక్క కంగారు పడింది. నూనె పెట్టించుకుంది మీరు, పడుకోవాల్సింది మీరు, పైగా మీకు రైలుంది అంది.

"నేను నిద్రపోయి ఉంటే కదా మీ రూలు. నేను నిద్రపోలేదుగా. లే."

అక్క లేచింది. కాసేపే అంటూ ఆ మంచం మీద ఒరిగింది. నర్సమ్మ ఒంటి వెచ్చదనం ఇంకా పోని పక్క అది. దుప్పటి లాక్కునే లోపే నిద్ర ముంచుకొచ్చిందట. ఆ తర్వాత ఆమెకేమీ తెలియదు.

నాకు మాత్రం తెలుసు. వ్యాను తిప్పి పెట్టుకుని, కాసేపు ఓపిక పట్టి, ఓపిక అయిపోయి, గొణుక్కుంటూ మెట్లెక్కాను. తెర పక్కకు తప్పించాను. స్టూలు మీద నర్సమ్మ. మంచం మీద అక్క, ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కదలకుండా. అయిపోయిందనే అనుకున్నాను. ఆ తర్వాత అక్క గురక పెట్టింది. చిన్న గురక కాదు, బావ బతికున్నప్పుడు ఎంత ఎగతాళి చేసేవాడో ఆ గురక. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

నర్సమ్మ స్టూలు మీద నుంచి లేవకుండానే చేత్తో దగ్గరకు రమ్మన్నారు. జరిగింది గుసగుసగా చెప్పారు.

"నర్సమ్మగారూ, రైలు," అన్నాను.

"తర్వాతి మనిషి వచ్చేదాకా నేను కదలను."

వరండాలో బూట్ల టకటక వినపడింది. మేనేజరు గారు వచ్చారు. వెనకాల డాక్టరు గారు. మేనేజరు గారు గదిలోకి చూసి, ఒక క్షణం ఆగి, వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు. "నూనెక్క నిద్రపోతారా," అన్నారు మెల్లగా, నాతోనో తనతోనో తెలియదు. గడియారం చూడటం మర్చిపోవడం ఆవిడలో నేను మొదటిసారి చూశాను. తర్వాత నా చేతిలోంచి వ్యాను తాళాలు తీసుకుని, స్టేషనుకు నేనే దింపొస్తాను అన్నారు. ఆవిడ గేరు మారిస్తే వ్యాను ఏడుస్తుంది. ఆ రోజు ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను.

నర్సమ్మ నా వంక చూశారు. ఇంకా లేవలేదు. నాకు అప్పుడు తట్టింది. పడుకో అక్కా, పడుకో వదినా అని అందరం చెవిన ఇల్లు కట్టుకుని పోరాం. మేం మెలకువగా ఉంటామని ఒక్కరం అనలేదు. అనాలని కూడా మాకు తెలియదు.

మంచం పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "నేను చూసుకుంటా. మీరు వెళ్ళండి."

అప్పుడు లేచారు. లేచి, నాకు అప్పజెప్పారు. "ఊపిరి బాగా ఆడుతోంది. ఎడమ వైపు తిరిగి పడుకుంది. ఒకసారి ఏదో గొణిగింది, అర్థం కాలేదు. దుప్పటి తన్నేస్తోంది, కప్పుతూ ఉండు." అంతే చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని, నూనె అడుగులు వేసుకుంటూ మేనేజరు గారి వెనక వెళ్ళిపోయారు. కింద వ్యాను ఒకసారి గట్టిగా ఏడ్చింది. అక్క కదల్లేదు.

నేను బండి తోలేవాణ్ణి. నిద్ర ఆపుకోవడం నాకు పనిలో భాగం. కానీ రోడ్డు లేకుండా, ఒక మనిషి ఊపిరి ఒక్కటే ముందు పెట్టుకుని మెలకువగా ఉండటం ఏమిటో నాకు తెలియదు. బయట వాన మొదలైంది. పాత గోడల్లోంచి సబ్బు వాసన లేచింది. కిటికీ తెర అవతల ఊటల ఆవిరి, వాన, సాయంత్రం కలిసిపోయి, లోకం గది గుమ్మం దగ్గరే ఆగిపోయినట్టయింది. దుప్పటి లేచేది, పడేది. లేవడం కాస్త ఆలస్యమైతే నా ఊపిరి కూడా ఆగేది. అక్క పాదం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఒక చలికాలమంతా ఇలా కూర్చుందా అనుకున్నాను. బావను తలుచుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి కాబట్టి వాటినలా వదిలేశాను.

ఎవరో వచ్చి, నర్సమ్మకు రైలు అందిందని చెప్పి, గుమ్మం దగ్గర దీపం పెట్టి వెళ్ళారు. చీకటి పడుతున్న వేళ అక్క కదిలింది. కళ్ళు తెరవలేదు.

"ఎవరూ?"

"నేనేనక్కా."

"నర్సమ్మగారు?"

"మేనేజరు గారు స్టేషన్లో దింపొచ్చారు. రైలు అందింది."

"నువ్వెప్పటి నుంచి ఉన్నావు?"

"ఆవిడ లేచినప్పటి నుంచి."

అక్క దుప్పటి గడ్డందాకా లాక్కుంది. మళ్ళీ నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మధ్యలో కునికావా?"

"లేదు."

"నిజంగా?"

"నిజంగానే అక్కా. రెప్ప వెయ్యలేదు."

"అయితే ఇంకాసేపు పడుకుంటానురా," అని అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. దుప్పటి సరిచేసి, స్టూలు ఇంకాస్త మంచం దగ్గరకు జరుపుకుని కూర్చున్నాను.